గ్రూపుకి వచ్చేది కోడలు, అప్పు కట్టేది అత్తగారు: విశాఖలో ఒక బెట్టింగ్ కేసు

జూదం అలవాటు ముదిరిన ఇంట్లోంచి సాయం వెతుక్కుంటూ బయటికి వచ్చేది ఒకరు, ఆ ఇంట్లో అప్పులు తీర్చేది ఇంకొకరు. జూదరుల కుటుంబాల కోసం మేం నడిపే మద్దతు గ్రూపుకి వచ్చేవాళ్లలో ఇది మామూలే. భార్య వస్తుంది, తల్లి కడుతుంది. లేదా అక్క వస్తుంది, తండ్రి పొలం అమ్ముతాడు. కుటుంబాలకి మద్దతు ఇచ్చే పద్ధతులు చాలావరకు వచ్చిన మనిషి దగ్గరే మొదలై ఆ మనిషి దగ్గరే ఆగిపోతాయి. ఈ కేసులో అది ఎక్కడ తన్నేసిందో, తర్వాత మేం దేన్ని పట్టుకున్నామో రాస్తే ఈ పని చేసే మిగతావాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. కొన్ని వివరాలు మార్చాను, కొన్ని పూర్తిగా తీసేశాను, అంకెలు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి తప్ప అవే కావు. పేర్లు పెట్టలేదు. కోడలు, అత్తగారు, అతను అంటే చాలు, అసలు ఈ కేసు నడిచిందే ఆ వరసల మీద.

నేపథ్యం

అతనికి ముప్పై అయిదు దాటాయి. విశాఖ పారిశ్రామిక ప్రాంతంలో పర్మనెంట్ ఉద్యోగం, షిఫ్టులు. తండ్రి పోయాడు, తల్లికి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, సొంత ఇల్లు, పై వాటా అద్దెకిచ్చారు. కోడలు ప్రైవేట్ స్కూల్లో టీచరు. ఒక పాప. మందు లేదు, సిగరెట్ లేదు, ఆ వీధిలో పెళ్లీడు కుర్రాళ్లకి ఉదాహరణగా చూపించే రకం.

2020 లాక్‌డౌన్‌లో ఫోన్‌లో రమ్మీతో మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఇక్కడ నిషేధం అయ్యాయి. యాప్ ఆగింది, అతను ఆగలేదు. రమ్మీలో పరిచయమైనవాడు ఒక ఏజెంటు నంబరు ఇచ్చాడు, ఏజెంటు వాట్సాప్‌లో ఐడీ (బెట్టింగ్ సైటులోకి వెళ్లే లాగిన్) ఇచ్చాడు, అక్కణ్ణుంచి క్రికెట్. ఎవరు గెలుస్తారన్న పందెం కాదు, ఈ ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులు వస్తాయి లాంటివి, ఫ్యాన్సీ అంటారు. నిమిషాల్లో తేలిపోతుంది, పోతే నిమిషాల్లో మళ్లీ పెట్టొచ్చు. ఈ వేగమే మనిషిని తినేసేది. కోడిపందేలకి సంక్రాంతి రావాలి, పేకాటకి నలుగురు కూర్చోవాలి, దీనికి ఏదీ అక్కర్లేదు. సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి ఇంటికొచ్చి నిద్రపట్టని పొద్దుటి పూట, మ్యాచ్‌లు లేని రోజుల్లో, తెర మీద విమానం లేచే గేము ఉండేది, అది ఎగిరిపోయేలోగా డబ్బు వెనక్కి తీసుకోవాలనే పందెం.

డబ్బు వేయాల్సింది ప్రతిసారీ ఎవరో ఒక కొత్త మనిషి యూపీఐకి. గెలిచినప్పుడు వచ్చేదీ అలాగే, ముక్కూ మొహం తెలియనివాళ్ల అకౌంట్లలోంచి. ఈ చిన్న విషయమే చివరికి గుట్టు బయటపెట్టింది. అలా వచ్చిన సొమ్ములో ఎవరినో మోసం చేసి కొట్టేసింది కూడా ఉంది, వేరే రాష్ట్రంలో ఆ బాధితులు కంప్లయింట్ ఇచ్చారు, ఇతని జీతం అకౌంటు హోల్డ్‌లో పడింది. "సర్వర్ ప్రాబ్లం" అని కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. పాప ఫీజు గడువు దగ్గరపడేసరికి కోడలు అతన్ని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లింది. అక్కడ కుర్చీలో కూర్చుని విన్నది ఆమె.

ఆ రాత్రి అతను చెప్పిన అప్పు 11 లక్షలు. మొదటి లెక్క ఎప్పుడూ తక్కువే చెప్తారని మా గ్రూపులో ఎవర్ని అడిగినా నవ్వుతూ చెప్తారు. వారం తర్వాత అడిగితే 14 అయింది, కాగితం మీద పేరు పేరునా రాయించిన రోజున 18 దాటింది. సొసైటీ లోను, క్రెడిట్ కార్డు, లోన్ యాప్‌లు, తోటి ఉద్యోగుల చేబదుళ్లు, నెలకి నూటికి అయిదు వడ్డీతో ఒక లోకల్ ఫైనాన్స్ (అక్కడ ఖాళీ చెక్కులు ఇచ్చాడు), ఆమె నగల మీద గోల్డ్ లోను. అన్నిటికంటే ఆమెని కుంగదీసింది ఇంకోటి. ఇంటి రిపేర్లని చెప్పి ఆమె చేత డ్వాక్రాలో తీయించిన లోను.

మా దగ్గరికి రాకముందు

ఇంట్లో చేయగలిగినవన్నీ చేశారు. సింహాచలం తీసుకెళ్లి అప్పన్న ఎదుట ఒట్టు వేయించారు. స్మార్ట్‌ఫోన్ తీసేసుకుని బటన్ ఫోన్ ఇచ్చారు, అతను డ్యూటీలో స్నేహితుడి ఫోన్ వాడాడు. మేనమామని పిలిచి పంచాయితీ పెట్టారు. మేనమామ అందరి ముందూ కడిగేశాడు, ఆ తర్వాత మేనమామ కంటపడకుండా తిరగడం ఒకటి కొత్తగా నేర్చుకున్నాడు. ఇక అయ్యప్ప మాల.

మాల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంట్లో అందరి ఆలోచనా దాని చుట్టూనే తిరిగింది. దీక్ష ఉన్న 41 రోజులూ అతను ఒక్క పందెం కూడా వేయలేదు. అది నిజమే, స్టేట్‌మెంట్లు చూశాం. మాల తీసిన కొద్ది రోజులకే మళ్లీ మొదలెట్టాడు. అత్తగారు దీన్నుంచి తీసుకున్న అర్థం, తలచుకుంటే మానగలడు, పాపం అప్పుల టెన్షన్ వల్ల మానలేకపోతున్నాడు, కాబట్టి అప్పు తీర్చేస్తే సరి. కోడలు తీసుకున్న అర్థం, మానగలిగీ మానడం లేదు, అంటే నేనంటే లెక్కలేదు. ఒకే సంఘటనలోంచి ఇద్దరూ ఎదురెదురు దారుల్లో వెళ్లారు.

నాకు కనిపించింది వేరు. దీక్షలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం దగ్గర్నుంచి రాత్రి భజన దాకా రోజంతా నిండిపోయి ఉంటుంది, పక్కన పదిమంది స్వాములుంటారు, గురుస్వామి అడుగుతాడు, నల్లబట్టల్లో ఉన్నవాణ్ణి అప్పులవాడు కూడా గట్టిగా అడగడు. మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒక్కసారే పోయాయి, అప్పులు మాత్రం వడ్డీతో అక్కడే ఉన్నాయి. అతని మనోబలం గురించి ఆ 41 రోజులు చెప్పేది తక్కువ, చుట్టూ ఏముంటే ఆగుతాడన్నది చెప్పేది ఎక్కువ. ఇది తర్వాత పనికొచ్చింది.

కోడలు గ్రూపులోకి

తోటి టీచరొకామె తీసుకొచ్చింది. మా గ్రూపు కలిసేది గురువారం, పదకొండింటికి. ఆ టైము ఊరికే పెట్టింది కాదు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మగవాళ్లు ఆ వేళకి నిద్రలో ఉంటారు, పిల్లలు స్కూల్లో ఉంటారు. పైగా కనకమహాలక్ష్మి గుడికి వెళ్తున్నామని చెబితే ఇంట్లో ఎవరూ ప్రశ్నించరు (మార్గశిరంలో మా హాజరు బాగుంటుంది, కొందరు నిజంగానే గుడికి వెళ్లొచ్చి కుంకుమ కూడా తెస్తారు). ఈమె స్కూల్లో పర్మిషన్ పెట్టుకుని వచ్చేది.

వచ్చినప్పుడు నిద్ర లేదు, బీపీ మొదలైంది, రాత్రి రెండింటికి లేచి అతని ఫోన్ తీసి చూడటం, జేబులు వెతకడం, బాత్రూమ్ తలుపు బయట నిలబడి వినడం. మొదటి రోజు ఏమీ మాట్లాడలేదు. గ్రూపులో ఒకామె, "అమ్మా, మీ ఆయన కూడా ఫోన్ పట్టుకుని బాత్రూమ్‌లో గంట ఉంటాడా?" అంది. ఈమె ఫక్కున నవ్వేసింది, ఆపైన ఏడ్చింది. నేను ఎంత అనుభవం పెట్టి అడిగినా ఆ ప్రశ్న ఆ విధంగా అడగలేను. తోటివాళ్ల మద్దతు అంటే ఏమిటో వివరించమంటే నేను ఇదే చెప్తాను.

మేం వాడేది ఒక కలగలుపు. జూదరుల కుటుంబాల కోసం 1960లో న్యూయార్క్‌లో మొదలైన గామ్-అనాన్ నుంచి కొంత, బ్రిటన్‌లో జిమ్ ఆర్ఫర్డ్, అలెక్స్ కొపెల్లో వాళ్లు తయారుచేసిన అయిదు మెట్ల పద్ధతి నుంచి ఎక్కువ. ఈ రెండోదాంట్లో నాకు నచ్చేది, కుటుంబసభ్యుల్ని రోగానికి కారణంగానో, రోగి బాగుపడటానికి పనిముట్టుగానో చూడదు. వాళ్లు వాళ్లంతట వాళ్లే కష్టంలో ఉన్న మనుషులు అంటుంది. ముందు వినాలి, తర్వాత సమాచారం ఇవ్వాలి, ఎలా తట్టుకుంటున్నారో చూడాలి, చుట్టూ ఎవరున్నారో చూడాలి, ఇంకేం కావాలో చూడాలి. తట్టుకునే తీరుల్ని మూడుగా చెప్తారు. భరించడం, ఎదురు నిలవడం, దూరం జరగడం. దేనికైనా లాభమూ ఉంటుంది, నష్టమూ ఉంటుంది, ఏది మంచిదని బయటివాళ్లం తీర్పు చెప్పం.

సమాచారంలో భాగంగా అందరికీ చెప్పేదే ఆమెకీ చెప్పాం. అప్పులు మీరు తీర్చొద్దు, మీ జీతం అకౌంటు విడిగా పెట్టుకోండి, దేనిమీదా సంతకం పెట్టొద్దు. కొన్ని వారాల్లో ఆమె మారింది. ఫోన్ వెతకడం మానింది, నిద్ర కొంచెం వచ్చింది. అతన్ని ఒప్పించి సైకియాట్రిస్టు దగ్గరికి కూడా తీసుకెళ్లింది.

ఎక్కడ బెడిసింది

ఇంటికెళ్లి ఆమె అత్తగారితో చెప్పింది, "అత్తయ్యా, ఇక మనం కట్టకూడదట, కడితే ఇంకా ఆడతారట" అని. ఆ "ట" దగ్గరే వచ్చింది గొడవ. ఎవరో బయటివాళ్లు చెప్పిన మాట పట్టుకొచ్చి కన్నతల్లికి నేర్పుతోంది, జీతం దాచుకుంటోంది, మొగుడు రోడ్డున పడితే చూస్తానంటోంది. ఆ ఇంట్లో ఆమె స్థానం ఒక్కవారంలో బాధితురాలి నుంచి దుర్మార్గురాలికి మారిపోయింది. ఫైనాన్స్ మనుషులు ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చిన రోజున అత్తగారు గాజులు తాకట్టు పెట్టి 3 లక్షలు కొడుకు చేతిలో పెట్టింది, కోడలికి చెప్పలేదు. అందులో సగమే ఫైనాన్స్‌కి చేరింది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడం అతను ఆపేశాడు, అవసరం తీరిపోయింది కదా.

గ్రూపులో ఆ వారం చర్చ వేడెక్కింది. పుట్టింటికి వెళ్లిపో అన్నవాళ్లున్నారు. మా నియమం ప్రకారం ఉండమనీ వెళ్లమనీ ఎవరికీ చెప్పకూడదు, ఆపాం. కానీ ఆ సలహాని నేనూ లోపల తూచి చూశాను. ఆమె వెళ్లిపోతే ఆమెకీ పాపకీ కొంత ఊపిరి ఆడుతుంది, నిజమే. అతని మీద, డబ్బు ఇచ్చే తల్లి మీద ఇంకెవరి కన్నూ ఉండదు, ఇదీ నిజమే. ఆమెను విడిగా కూర్చోబెట్టి చేయి చేసుకున్నాడా అని అడిగాను. ఒకసారి తోశాడు, మళ్లీ జరగలేదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, తమ్ముడి ఇల్లు, పాప సర్టిఫికెట్లు ఎక్కడుంచాలో అన్నీ ముందే మాట్లాడి పెట్టుకున్నాం. ప్రస్తుతానికి ఉంటానంది. అది ఆమె నిర్ణయం.

రెండో దారి, కోడల్ని ఇంకా గట్టిపరచడం. దానివల్ల ఆమెకి మంచి జరగొచ్చు గాని డబ్బు దారి ఆమె చేతిలో లేదు. పెన్షన్, గాజులు, ఇంటి కాగితాలు అత్తగారివి. మూడోది, అత్తగారిని మా ఆఫీసుకి పిలిపించి నేను చెప్పడం. ఆవిడ దృష్టిలో నేను కోడలి పక్షం మనిషిని, అప్పటికే నా మీద ఒక మాట కూడా అనేసింది, "ఆ మేడమ్ నా కొడుకుని చంపేస్తుంది" అని.

ఆ మాట దగ్గర నేను ఆగాను. చంపేయడం ఎందుకొచ్చింది? కోపంలో అన్న మాటే కావచ్చు, కానీ కోడల్ని అడిగాను, ఇంట్లో చావు గురించి ఎవరైనా ఎప్పుడైనా అన్నారా అని. కాసేపు ఆలోచించి చెప్పింది. ఆయన వాళ్లమ్మతో అంటుంటే విన్నానండీ, నేను పోతే ఇన్సూరెన్స్ వస్తుంది, మీ అందరి అప్పూ తీరిపోతుంది అని.

అత్తగారి లెక్క ఒక్కసారిగా అర్థమైంది. ఆవిడ అప్పు కట్టడం లేదు, కొడుకు ప్రాణానికి కడుతోంది. అలాంటి తల్లికి "కట్టకండి" అని చెప్పడం అంటే ఏం చెప్తున్నట్టు? జూదం వ్యసనంలో ఆత్మహత్య ముప్పు నిజంగా ఎక్కువ, అప్పులు బయటపడ్డ రోజులు, పరువు పోయిన రోజులు మరీ ప్రమాదం. ఇన్సూరెన్స్ మాట ఎత్తినవాడు ఒక పథకం దాకా ఆలోచించాడని అనుకోవాలి. బెదిరింపు అని కొట్టిపారేయకూడదు, అలాగని దానికి మందు డబ్బు అనీ అనుకోకూడదు.

మిగతా పనులన్నీ పక్కనపెట్టాం. అదే వారం చినవాల్తేరు మానసిక వైద్యశాలలో చూపించారు. (ఆ ఆసుపత్రి పేరు మన ఊళ్లో తిట్టుగా వాడతారు కాబట్టి అత్తగారు మొదట ససేమిరా అంది. మేనమామ తోడు వెళ్లాడు, ఈసారి కేకలేయకుండా.) డిప్రెషన్ ఉందన్నారు, మందులు మొదలయ్యాయి. జూదానికని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు అంటూ లేదు, డిప్రెషన్‌కి మాత్రం ఉంది. ఇంట్లో మాత్రలు ఎవరి దగ్గర ఉండాలి, రాత్రి వేళ మాటతీరు మారితే ఎవరు పక్కన పడుకోవాలి, ఎప్పుడు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయాలి, ఎప్పుడు ఏమీ ఆలోచించకుండా 108 పిలవాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించారు.

పనిచేసింది

అత్తగారి దగ్గరికి ఎవరు వెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. గ్రూపులో సీనియర్లున్నారు, బాగా మాట్లాడేవాళ్లున్నారు, వాళ్లంతా భార్యలు. భార్య వెళితే ఇంకో కోడలు పాఠం చెప్పడానికి వచ్చినట్టే. తల్లి కావాలి. అదీ కట్టి కట్టి అలసిన తల్లి. మధురవాడ వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఉంది, కొడుకు కోసం స్థలం అమ్ముకున్నావిడ. ఊరికి అటు చివర ఉంటుంది, ఈ కుటుంబానికి ఏ చుట్టరికమూ తగలదు, కొడుకులు ఒకే షిఫ్టులో కలిసే వీల్లేదు. విశాఖ ఎంత పెద్ద ఊరైనా ప్లాంట్ల చుట్టూ ఉన్న కాలనీల్లో సాయంత్రానికి ప్రతిదీ అందరికీ తెలిసిపోతుంది, అందుకే దూరం కావాలనే చూశాం.

ముందు ఆవిడతోనే మాట్లాడాను. మీ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడు, ఈ కథ మళ్లీ విని మీరు తట్టుకోగలరా, వద్దనిపిస్తే నిస్సంకోచంగా వద్దనండి అని. మూడు షరతులు పెట్టుకున్నాం. డబ్బు అప్పు ఇవ్వడం, పుచ్చుకోవడం ఉండదు. అప్పులవాళ్లతో మాట్లాడటానికి మధ్యవర్తిగా వెళ్లదు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ వస్తే అది నాకు గాని 14416కి గాని వెళ్లాలి, ఆవిడకి కాదు.

మొదటిసారి నేనూ వెళ్లాను, పరిచయం చేసి వంటింటి వైపు కోడలితో కూర్చున్నాను. అక్కడికి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"వదినగారూ, మీరెన్నిసార్లు కట్టేరు?"

"లెక్కెక్కడుందండీ."

"నేను నాలుగుసార్లు. నాలుగోసారి స్థలమే అమ్మీసేను. వాడి చేతికి పైసా ఇవ్వలేదు, అప్పులోళ్ల చేతికే ఇచ్చేను. అయినా ఏటయింది? వీడికి ఇస్తే వాళ్లమ్మ కడతాదని ఊరందరికీ తెలిసిపోనాది. మళ్లీ ఆళ్లే పిలిచి ఇచ్చేరు."

నేను ఆ సంగతిని ఎన్నో విధాలుగా చెప్పి ఉంటాను, అప్పు తీర్చడం జూదాన్ని పోషిస్తుంది వగైరా. తల్లి కట్టిన ప్రతిసారీ బజార్లో కొడుకు పరపతి కొత్తగా పుడుతుందన్న మాట అంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు.

"మరి వాడేదైనా చేసుకుంటే?" అంది అత్తగారు.

"నాకూ ఆ భయం ఉందమ్మా, ఇప్పటికీ ఉంది. ఆ మాటంటే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోతాను. బీరువా మాత్రం తియ్యను."

ఆ రోజు అత్తగారు దేనికీ ఒప్పుకోలేదు. పెద్దావిడకి టీ ఇచ్చి, మళ్లీ రమ్మంది, అంతే. తర్వాత వాళ్లిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకునేవారు, ఎక్కువగా మోకాళ్ల నొప్పుల గురించీ కొడుకుల చిన్నప్పటి సంగతుల గురించీ. నేను తొందరపెట్టలేదు. ఎందుకంటే అత్తగారికి అప్పటిదాకా ఈ విషయం మాట్లాడటానికి ఈ భూమ్మీద ఒక్క మనిషి లేదు, కోడలికైనా గ్రూపుంది.

చాలారోజుల తర్వాత ఆవిడే అడిగింది, అన్నీ కట్టొద్దా, కొన్నయినా కట్టొచ్చా అని. అది మంచి ప్రశ్న, దానికి తలొంచి పనిచేశాం. ఏ అప్పూ ముట్టుకోవద్దన్న సూత్రం పుస్తకంలో బాగుంటుంది. ఇక్కడ డ్వాక్రా లోను ఉంది, అది కోడలి పేరు మీదిది, కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్లకి తర్వాతి లోను చిక్కులో పడుతుంది, వాళ్లేం పాపం చేశారు? దాన్ని ముందు పెట్టాం. సొసైటీ లోను ఎలాగూ జీతంలోంచే కోత, తోటివాళ్లు ష్యూరిటీ ఉన్నారు, అది కదపాల్సిన పని లేదు. గోల్డ్ లోను వేలం దాకా వెళ్లకుండా వడ్డీ కట్టి రెన్యువల్. ఇవన్నీ అతని జీతంలోంచే, తల్లి పెన్షన్ నుంచి కాదు. బ్యాంకు, కార్డు, లోన్ యాప్‌ల వాళ్లతో వాయిదాలు అతనే మాట్లాడాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉందని తెలిశాక ఆ ఇంట్లో సాయంత్రాలు ఫోన్ ఎత్తడం మానేశారు. ఒక యాప్ వాళ్లు ఫొటో మార్ఫ్ చేసి కోడలి తమ్ముడికి పంపితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కంప్లయింట్ ఇచ్చారు.

బెట్టింగ్ ఏజెంటు బాకీ వేరే కథ. పందెం ఒప్పందాలు చెల్లవని 1872 కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ చెప్తోంది, కోర్టుకి వెళ్లి వసూలు చేసుకునే బాకీ కాదది. ఫైనాన్స్ వాళ్ల దగ్గరున్న ఖాళీ చెక్కులు మాత్రం అంత తేలిక కాదు, బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. ఇక్కడ గ్రూపులో ఎవరి అనుభవం వాళ్లు చెప్పి అయోమయం చేయకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పంపాం. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది, చాలామందికి తెలియదు. కోడలూ అత్తగారూ ఇద్దరూ కలిసి వెళ్లారు. వాళ్లిద్దరూ కలిసి గడప దాటి చేసిన మొదటి పని అదేననుకుంటాను.

ఇక జీతం ఎవరి చేతిలో ఉండాలి? భార్య చేతిలో అని అందరూ అంటారు. వద్దన్నాను. రోజూ వంద రూపాయలకి ఆమెను అడగాలి, రోజూ ఆమె కాదనాలి, అతనేమో ఒకసారి ఆమెను తోసిన మనిషి. పైగా ఆమె మళ్లీ పోలీసు అయిపోతుంది, అప్పుడే కదా మానింది. మేనమామని అడిగాం. అకౌంటు హోల్డ్ తీయించడానికి చాలా తిరగాల్సి వచ్చింది, ఈలోగా వేరే బ్యాంకులో జీతం అకౌంటు తెరిచారు, యూపీఐ లేకుండా. కార్డు మేనమామ దగ్గర, నెలకోసారి స్టేట్‌మెంటు ముగ్గురూ కూర్చుని చూడాలి, అరుపులు నిషేధం. అతను తనంతట తాను సంతకం చేసి ఒప్పుకున్నాకే ఇది పెట్టాం. బలవంతంగా పెడితే రెండు నెలల్లో దొంగదారి వెతుకుతాడు. మాల రోజుల సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకున్నాం. సీ షిఫ్టు తర్వాతి పొద్దుటి గంటలు ఖాళీగా వదలకుండా, పాపని స్కూల్లో దింపడం, ఆ తర్వాత తమ వీధి గుడి పని అతనికి వచ్చాయి. గురుస్వామే పిలిచి అప్పజెప్పాడు.

2025 ఐపీఎల్ టైములో జారాడు. తోటి ఉద్యోగి ఫోన్ నుంచి, 20 వేలు. ఆ ఉద్యోగి నేరుగా అత్తగారికి ఫోన్ చేశాడు, అమ్మా మీరైతే ఇస్తారని. ఆవిడ ఇవ్వనంది. గొంతు వణికిందని తర్వాత చెప్పింది. ఆ రాత్రి కొడుకు పక్క గదిలోనే మేనమామ పడుకున్నాడు, ఫ్రిజ్ మీది కాగితం ప్రకారం, మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ 20 వేలూ అతనే ఓవర్‌టైమ్ చేసి తీర్చాడు. ఆ ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పెద్ద పెద్ద యాప్‌లు మూతపడ్డాయి, గ్రూపులో అందరూ సంబరపడ్డారు. వాట్సాప్‌లో ఐడీ ఇచ్చే ఏజెంటు మాత్రం ఇతనికి కొత్త నంబరు నుంచి మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ అతనే తెచ్చి మేనమామకి చూపించాడు.

ఇప్పుడు మేం చేస్తున్నది

కొత్త కుటుంబం వస్తే మొదటిరోజే అడుగుతాం, మీ ఇంట్లో అప్పు కట్టేదెవరు? కొన్నిసార్లు జవాబు మేనమామ, కొన్నిసార్లు గల్ఫ్‌లో ఉన్న అన్న, ఒకసారి అప్పులు కట్టేది పదో తరగతి నుంచి ట్యూషన్లు చెప్పిన చెల్లెలు. ఆ మనిషికి సరిపడే తోడుని వెతుకుతాం, తల్లికి తల్లి, అన్నకి అన్న. మగవాళ్లు దొరకడం కష్టంగా ఉంది. తండ్రులు గ్రూపుకి వచ్చి పక్కవాళ్ల కొడుకుల గురించి మాట్లాడి వెళ్లిపోతారు.

"కట్టొద్దు" అన్న మాట చావు గురించి అడగకుండా ఎవరికీ చెప్పం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని గ్రూపులో సీనియర్లు కూడా భయపడతారు. అలా జరగదు, నేరుగా అడగడం నేర్పుతున్నాం.

తోడుగా వెళ్లేవాళ్ల బాగోగులు చూడటం మరో పని. పెద్దావిడ మొదటి రెండు నెలలు ఆ ఇంటి నుంచి వచ్చిన ప్రతిసారీ నిద్రపోలేదు, తన స్థలం కలలోకి వస్తోందంది. ఇప్పుడు వెళ్లొచ్చిన మర్నాడు నేను ఫోన్ చేస్తాను, ఆవిడ మాట్లాడుతుంది, ఒక్కోసారి తిడుతుంది కూడా.

ఈ ఇంట్లో అప్పు ఇంకా సగం పైనే ఉంది. అతను మందులు వాడుతున్నాడు, కౌన్సెలింగ్‌కి ఒక నెల వస్తే ఒక నెల రాడు. అత్తగారు గాజులు విడిపించుకుని లాకర్లో పెట్టింది, తాళం ఎక్కడుందో కొడుక్కి చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. కోడలు ఆ ఇంట్లో ఉండాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, బీఈడీ పూర్తిచేసి డీఎస్సీ రాసి ఉద్యోగం వచ్చాక ఆలోచిస్తానంటోంది. గురువారాలు ఇద్దరూ వస్తున్నారు, ఒకే ఆటోలో వచ్చి వేరు వేరు వరసల్లో కూర్చుంటారు.